తోలుబొమ్మల రూపాలు కాన్వాస్ మీద గీసినప్పుడు ఆ బొమ్మలు చేసే ఊరు నిమ్మలకుంట పేరు రాయాలా, అక్కర్లేదా?

ధర్మవరం మగ్గం:
బెంగళూరులో ఒక గ్యాలరీలో పేరున్న చిత్రకారుడి ఎగ్జిబిషన్ చూసొచ్చినప్పటి నుంచి మనసులో ఇదే తిరుగుతోంది. ఆయన పేరు ఇక్కడ రాయను, విషయం ఆయన ఒక్కడిదే కాదు. గోడ నిండా రావణుడు, సీత, హనుమంతుడు, చివరికి బొమ్మలాటలో నవ్వించే మన కేతిగాడు, బంగారక్క కూడా ఉన్నారు. పక్కకి తిరిగిన మొహాలు, పొడుగు కళ్లు, నల్లటి గీత చూస్తే మన వైపు వాళ్లెవరైనా ఇవి తోలుబొమ్మలని ఇట్టే చెప్పేస్తారు. బొమ్మల పక్కన చీటీ మీద మాత్రం 'జానపద ప్రేరణ, కాన్వాస్‌పై అక్రిలిక్' అని ఒక్క ముక్క, అంతే. ఏ ఊరు, ఎవరి బొమ్మలు చూసి గీశారు అన్నది ఎక్కడా లేదు. ధరలు లక్షల్లో. అదే రావణుణ్ణి మేక తోలు మీద చెక్కి రంగులేసిన మనిషి దగ్గరికి పోయి మనమే బేరం ఆడతాం. నన్నడిగితే పేరు రాయాల్సిందే. మీరేమంటారు?

కొండారెడ్డి బురుజు:
అన్నా, నేను డ్రాయింగ్ మాస్టర్ని, కాబట్టి చిత్రకారుడి వైపు నుంచి చెబుతా. జానపదం నుంచి తీసుకోవడం తప్పైతే మన దేశంలో ఆధునిక చిత్రకళ సగం ఉండేదే కాదు. బెంగాల్ చిత్రకారుడు జామినీ రాయ్‌నే తీసుకోండి. కలకత్తా ఆర్ట్ స్కూల్లో పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని, ఆ తర్వాత కాళీఘాట్ పటాల (కలకత్తా కాళీ గుడి దగ్గర అమ్మిన జానపద బొమ్మల) వైపు తిరిగాడు. ఆయన్ని ఎవరైనా దొంగ అన్నారా? తోట వైకుంఠం గారు బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకుని, తన కరీంనగర్ పల్లెల ఆడవాళ్లని గీశారు. ఇంకో సంగతి, మన తోలుబొమ్మల మొహాలకీ లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన బొమ్మలకీ పోలిక కనబడుతుంది కదా, మరి నిమ్మలకుంట వాళ్లు లేపాక్షి పేరు రాస్తున్నారా? రూపం ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతూనే ఉంటుంది, దానికి కంచె వేయకండి.

పెన్న ఒడ్డు:
కడప నుంచి. చట్టం సంగతి క్లుప్తంగా చెబుతా, మిగతాది మీరు వాదించుకోండి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి భౌగోళిక గుర్తింపు ఉంది, కానీ అది కాపాడేది పేరుని. వేరే చోట తయారైన సరుకుని ఆ పేరుతో అమ్మకూడదు, అంతవరకే. ఆ రూపాలు చూసి కాన్వాస్ మీద గీస్తే ఆ చట్టం అడ్డురాదు. తరతరాలుగా వస్తున్న రూపానికి కాపీరైట్ కూడా ఉండదు. బతికున్న కళాకారుడు సొంతంగా ఊహించి గీసిన కొత్త బొమ్మైతే లెక్క వేరు, దాని మీద హక్కు ఆయన జీవితకాలమూ, ఆ పైన 60 ఏళ్లూ ఉంటుంది. కాబట్టి చాలా సందర్భాల్లో కోర్టు మెట్లెక్కి లాభం లేదు, మర్యాద గురించే మాట్లాడుకోవాలి.

చిత్రావతి:
మాది బొమ్మలాడించిన ఇల్లు. మాస్టారూ, జామినీ రాయ్ పేరు మీరు తెచ్చారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. ఆయన పటువాల (ఆ పటాలు వేసేవాళ్ల) గీత ఒక్కటే తీసుకుని ఊరుకోలేదు. ఆయిల్ రంగులు మానేశాడు, మట్టి రంగులు, దీపం మసి, చింతగింజల జిగురు వాడాడు, ఒకే బొమ్మని మళ్లీ మళ్లీ వేసి మామూలు జనం కొనగలిగే ధరకి ఇచ్చాడు. అంటే వాళ్లు పని చేసే పద్ధతినే తన పద్ధతి చేసుకున్నాడు. ఇప్పుడు ధర్మవరం అన్న చెప్పిన కాన్వాసులు చూద్దాం. తోలుబొమ్మలో సీత నగలు, చీర అంచు అన్నీ చిల్లులే. తోలుని గీకి, ఆరబెట్టి, వెలుతురు దూరేంత పల్చగా చేసి, ఉలితో ఒక్కొక్క చిల్లు కొడతాం. రెండు వైపులా రంగు వేస్తాం. తెర వెనక దీపం పెట్టినప్పుడు ఆ చిల్లుల్లోంచి వెలుగొచ్చి నగ మెరుస్తుంది. చిల్లు ఎక్కడ పెట్టాలో, ఎంత పెట్టాలో చెప్పేది ఆ దీపమే. కాన్వాస్ మీద అవన్నీ తెల్ల చుక్కలయ్యాయి. చేతులు, మెడ అతుకుల దగ్గర కదలాల్సిన బొమ్మ కదలకుండా నిలబడింది. తీసుకోవద్దని నేను అనను, కానీ మా ఇళ్లకొచ్చి కూర్చుని, ఆ చిల్లు ఎందుకుందో తెలుసుకున్న మనిషి వేరేగా గీస్తాడు, పేరు రాయమని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు కూడా.

లేపాక్షి పోలిక నిజమే. కానీ ఆ గుడి బొమ్మలు వేసినవాళ్లు పోయి వందల ఏళ్లయింది, వాళ్లని వెళ్లి అడగలేం. మేం ఉన్నాం. 2022 నుంచి మా ఊరు శ్రీ సత్యసాయి జిల్లా లెక్కలోకి పోయిందే గానీ, బస్సెక్కితే వచ్చేయొచ్చు. మా తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా ఇచ్చారు, ఇంక ఎవరిని అడగాలో తెలియలేదనడానికి వీల్లేదు.

ధర్మవరం మగ్గం:
అక్కా, నాకు చెప్పడం రాక తిప్పలు పడ్డది ఇదే. ఇంకో సంగతి కలుపుతా. భోపాల్‌లో 1982లో భారత్ భవన్ అనే కళాకేంద్రం పెట్టినప్పుడు చిత్రకారుడు జె. స్వామినాథన్ ఆదివాసీ బొమ్మల్నీ నగర చిత్రకారుల బొమ్మల్నీ ఒకే మ్యూజియంలో పెట్టించాడు. జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే గోండు కుర్రాడు అక్కడ సొంత పేరుతో చిత్రకారుడయ్యాడు. 'గోండు ప్రేరణ' అని రాసి అతన్ని మాయం చేయలేదు. మన దగ్గర కాన్వాస్ మీద గీస్తే చిత్రకారుడు, తోలు మీద గీస్తే హస్తకళ, లాంప్‌షేడ్ అంటున్నాం. ఆ తేడా ఎవరు పెట్టారు?

కొండారెడ్డి బురుజు:
పేరు రాయడం గురించి చిత్రావతి గారి మాట ఒప్పుకుంటున్నా, మా పిల్లలకి కూడా ఇక చీటీ మీద ఊరి పేరు రాయమని చెబుతా. కానీ అమ్మకంలో వాటా అంటే మాత్రం ఒప్పుకోను, ఇవ్వాళ రేపు ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే చెబుతున్నా. ఆ డబ్బు ఎవరికి ఇవ్వాలి? ఏ ఇంటికి? పంచబోతే ఊళ్లో అన్నదమ్ముల మధ్యే గొడవలు పెట్టినట్టవుతుంది. పేరు రాయాలన్నా అదే చిక్కు, ఒక రావణుడి రూపం ఎవరిదని చెబుతాం?

చిత్రావతి:
వాటా మేం అడగలేదు మాస్టారూ. చూసి గీసిన బొమ్మని బేరం ఆడకుండా కొనుక్కోండి, చేసినవాళ్ల పేరు చీటీ మీద రాయండి, వీలైతే ఆ బొమ్మనే వెనక లైటు పెట్టి కాన్వాస్ పక్కన వేలాడదీయండి. రావణుడి రూపం అందరిదీ. కానీ మీరు చూసిన ఆ ఒక్క రావణుణ్ణి చెక్కింది ఎవరో ఉలి దెబ్బ చూసి మా ఇళ్లల్లో చెబుతారు, ఫోటో పంపండి చాలు.