జైలు నుంచి విడుదలైనవాళ్లతో పనిచేసే కేస్‌వర్కర్లకు ఒక ప్రశ్న: మొదటి రెండు వారాల్లో ఏది ముందు, ఏది తర్వాత?

కొత్తకేస్‌వర్కర్

అందరికీ నమస్కారం. విడుదలైనవాళ్ల పునరావాసం చూసే సంస్థలో ఈమధ్యే చేరాను. శిక్షణలో ఇల్లు, ఉద్యోగం, చికిత్స, కుటుంబం అన్నీ ముఖ్యమే అన్నారు. అన్నీ ముఖ్యమే అంటే ఏది ముందో ఎవరూ చెప్పలేదన్నమాట. మా దగ్గరున్న ఫారం ప్రకారం మొదటి వారంలోనే తొమ్మిది అపాయింట్‌మెంట్లు పెట్టాలి.

నా ప్రశ్నలు మూడు. విడుదలకు ముందే తప్పనిసరిగా పూర్తి చేయాల్సినవి ఏవి? మొదటి రెండు వారాల్లో నిశ్చింతగా వాయిదా వేయదగినవి ఏవి? పర్యవేక్షించే ప్రొబేషన్ అధికారికి మనం ఎంతవరకు చెప్పాలి? చట్టాలు చోటును బట్టి మారతాయని తెలుసు. పని ఎలా నడవాలో చెప్పండి చాలు.

---

ఫైలుదొంతర

ఆ ఫారాన్ని పక్కన పెట్టండి. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో ఇన్నాళ్లూ వేరేవాళ్లు నిర్ణయించిన మనిషికి వారంలో తొమ్మిది చోట్లకు వెళ్లమని చెబితే మూడు తప్పుతాయి. తప్పిన మూడింట్లో ఒకటి ప్రొబేషన్ హాజరు అయితే అది విడుదల షరతు ఉల్లంఘన కిందకి వస్తుంది. రోజుకు ఒక తప్పనిసరి పని పెట్టండి, మహా అయితే రెండు.

వరుస ఎలా తేల్చాలంటే, ఏది లేకపోతే మిగతావి ఆగిపోతాయో చూడండి. గుర్తింపు కార్డు లేకపోతే సిమ్ రాదు. సిమ్ లేకపోతే ఓటీపీ రాదు, బ్యాంకు ఖాతా తెరుచుకోదు. ఖాతా లేకపోతే జీతం గానీ భత్యం గానీ పడదు. అందుకే అన్నిటికంటే ముందు కార్డు. ఆ పని విడుదలకు కనీసం మూడు నెలల ముందే లోపల మొదలవ్వాలి. ఇక్కడ ఎక్కువగా దెబ్బతినేది పేరు దగ్గర. జైలు రికార్డులో ఉండేది అరెస్టు రోజున ఎవరో రాసుకున్న పేరు. అక్షరం తేడా, ఇంటిపేరు లేకపోవడం, పుట్టిన తేదీకి బదులు ఉజ్జాయింపు వయసు... విడుదల పత్రానికీ పాత కార్డుకూ పొంతన కుదరక కౌంటర్ దగ్గర వెనక్కి పంపేస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి ముందే సరిచూడండి. తేడా ఉంటే సవరణ లేఖ జైలు కార్యాలయం నుంచే తీసుకోవాలి. బయటికొచ్చాక దాని కోసం తిరగడం నరకం.

లోపల ఉండగానే అడగాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. ఇంకో కేసులో వారెంట్ పెండింగ్‌లో ఉందా? ఉంటే గేటు దగ్గరే మళ్లీ పట్టుకుపోతారు, మీ ప్లాన్ మొత్తం వృథా. కట్టాల్సిన జరిమానా ఏమైనా మిగిలిందా? లోపలికి వెళ్లేటప్పుడు అప్పజెప్పిన సామానుకు రసీదు ఉందా? కేసులో సాక్ష్యంగా ఫోన్ పోలీసుల దగ్గరే ఉండిపోయిందా? ఉంటే పాత నంబరు మీద ఆశ వదిలేసుకుని కొత్త నంబరుకు ప్లాన్ చేయండి. చాలాకాలం వాడని నంబరును కంపెనీ వేరేవాళ్లకు ఇచ్చేసి ఉండవచ్చు. అప్పుడు బ్యాంకు ఓటీపీలు ముక్కూమొహం తెలియని మనిషికి వెళ్తుంటాయి.

విడుదల వారం కూడా చూసుకోండి. శుక్రవారం మధ్యాహ్నం బయటికొస్తే సోమవారం వరకు ఏ ఆఫీసూ తెరవదు, పడక దొరకదు, మందుల చీటీ రాసే దిక్కుండదు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ బాధ ఎంత ముదిరిందంటే 2023లో దీనికోసమే ఒక చట్టం తెచ్చారు. శుక్రవారం గానీ సెలవుకు ముందురోజు గానీ విడుదల పడితే రెండు పనిదినాల వరకు ముందే విడుదల చేయవచ్చు. మీ దగ్గర అలాంటి వెసులుబాటు లేకపోతే శుక్రవారం కేసులకు కావాల్సినవన్నీ గురువారానికే సిద్ధంగా ఉండాలి.

ఇదేదో మన దయాదాక్షిణ్యం అనుకునే అధికారులకు ఒక మాట. ఖైదీల పట్ల ఎలా నడుచుకోవాలో చెబుతూ ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా నియమాల్లో 108వది ఈ పని గురించే. గుర్తింపు పత్రాలు, ఉండటానికి చోటు, పని, వాతావరణానికి తగ్గ బట్టలు, గమ్యం చేరడానికీ మొదటి రోజులు గడవడానికీ సరిపడా డబ్బు చూడాలని అందులో ఉంది. మనలాంటి సంస్థల ప్రతినిధులను శిక్ష మొదటినుంచే సంప్రదించాలని కూడా ఉంది. లోపలికి వెళ్లి కలవడానికి అనుమతి అడిగే ఉత్తరంలో ఆ నంబరు రాయండి, పనికొస్తుంది.

---

నర్సుఆన్‌డ్యూటీ

పై జాబితాలో మందులు కనపడలేదు. కార్డు, సిమ్ వారం ఆలస్యమైనా మనిషి ఉంటాడు, ఇది ఆలస్యమైతే ఉండకపోవచ్చు.

అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో 1999 నుంచి 2003 మధ్య విడుదలైన 30,000 మందికి పైగా ఖైదీల మీద చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. విడుదలైన మొదటి రెండు వారాల్లో వాళ్లు చనిపోయే అవకాశం అక్కడి మిగతా జనంతో పోలిస్తే 12.7 రెట్లు. మత్తుమందు మోతాదు మించి చనిపోవడం ఒక్కటే చూస్తే 129 రెట్లు. కారణం శరీరధర్మమే. హెరాయిన్ లాంటివి వాడిన మనిషి లోపల నెలల తరబడి మానేస్తే శరీరం తట్టుకునే శక్తి పడిపోతుంది. బయటికొచ్చి ఒకప్పటి కొలతే తీసుకుంటే ఊపిరి ఆగిపోతుంది. చాలామంది ఒంటరి గదిలోనే పోతారు, పక్కన ఎవరూ ఉండరు కాబట్టి.

కాబట్టి "మానేశావుగా, ఇక భయం లేదు" అని ఎప్పుడూ అనకండి. మానేసినందువల్లే ప్రమాదం ఎక్కువని సూటిగా చెప్పండి. మెథడోన్, బుప్రెనార్ఫిన్ (హెరాయిన్ లాంటివి మానడానికి ఇచ్చే మందులు) చికిత్స లోపల నడుస్తుంటే విడుదల మర్నాడు మోతాదు ఎక్కడ అందుతుందో క్లినిక్ పేరు, సమయంతో సహా రాతపూర్వకంగా చేతిలో పెట్టాలి. ఒక్కరోజు విరామం కూడా ఉండకూడదు. నాలొక్సోన్ (హెరాయిన్ లాంటివి మోతాదు మించితే విరుగుడుగా ఇచ్చే మందు) దొరికే చోటయితే గేటు దగ్గరే కిట్ ఇచ్చి పంపండి. స్కాట్లాండ్‌లో 2011 నుంచి జాతీయ కార్యక్రమం కింద విడుదలయ్యేవాళ్లకు ఇలాగే ఇస్తున్నారు. కిట్ విడుదలైన మనిషి చేతికి మాత్రమే ఇస్తే లాభం లేదు, స్పృహ తప్పిన మనిషి తనకు తాను వేసుకోలేడు. ఇంట్లో ఉండేవాళ్లకు నేర్పండి: ముందు అంబులెన్స్‌కు ఫోన్, ఒక మోతాదు, నోటితో శ్వాస అందించడం, రెండు మూడు నిమిషాల్లో కదలిక లేకపోతే రెండో మోతాదు. లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే. నాలొక్సోన్ పనితనం 30 నుంచి 90 నిమిషాల్లో తగ్గిపోతుంది, లోపలున్న మత్తుమందు అంతకంటే ఎక్కువసేపు ఉండవచ్చు.

మత్తు సంగతి లేనివాళ్లకు కూడా: ఇన్సులిన్, మూర్ఛ మందులు, మానసిక వైద్యుడు రాసిన మాత్రలు, టీబీ కోర్సు. వీటికి ఎన్ని రోజుల మందు ఇచ్చి పంపుతున్నారో జైలు ఆసుపత్రిని అడగండి. మొదటి డాక్టర్ అపాయింట్‌మెంట్ మందు అయిపోయే రోజుకు కాదు, అంతకు మూడు నాలుగు రోజుల ముందుకు పెట్టండి. చికిత్స సారాంశం ఒక కాపీ ఆయన దగ్గర, ఒకటి మీ ఫైల్లో ఉండాలి, అదీ ఆయన సంతకం చేసిన సమ్మతి పత్రం ఉంటేనే.

---

ఫైలుదొంతర

ఒప్పుకుంటాను. మందులు అన్నిటికంటే పైన ఉండాలి.

---

మధ్యవర్తి

మూడో ప్రశ్నకు నా జవాబు. ప్రొబేషన్ అధికారికి ఏం చెబుతారో అధికారికంటే ముందు మీ క్లయింట్‌కు తెలియాలి. మొదటి కలయికలోనే చెప్పండి: ప్రాణహాని, పిల్లలకు హాని, ఫలానా మనిషి మీద బెదిరింపు, వీటిల్లో ఏది నా చెవిన పడ్డా దాచను. హాజరు వివరాలు పంపాలని ఒప్పందం ఉంటే అదీ చెప్పండి. మిగతాది క్లయింట్ అనుమతి లేకుండా బయటికి పోదని చెప్పండి. "అంతా మన మధ్యే" అని మాటిచ్చి తర్వాత తప్పితే ఆ మనిషి మీ దగ్గరే కాదు, తర్వాత వచ్చే ఏ కేస్‌వర్కర్ దగ్గరా నోరు విప్పడు.

నోట్సు జాగ్రత్త. అవి రేపు కోర్టులో చదివించవచ్చు. "తాగి వచ్చాడు" అని రాయకండి. "మద్యం వాసన వచ్చింది, మాట తడబడింది, ఇరవై నిమిషాలు కూర్చుని వెళ్లాడు" అని రాయండి. మీ ఊహ వేరు, మీరు చూసింది వేరు. ఊహ రాయాల్సి వస్తే ఊహ అనే రాయండి.

షరతుల పత్రం ఇద్దరూ కలిసి బిగ్గరగా చదవండి. చదవడం రాదని చెప్పుకోవడానికి సిగ్గుపడేవాళ్లు చాలామంది, సంతకం మాత్రం పెట్టేస్తారు. వెళ్లకూడని ప్రాంతాలు, కలవకూడని మనుషులు, ఇంట్లో ఉండాల్సిన గంటలు ఒకే కాగితం మీద, క్యాలెండర్ రూపంలో, ప్రయాణ సమయంతో సహా రాసివ్వండి. అప్పుడే గొడవలు బయటపడతాయి. రాత్రి షిఫ్టు ఉద్యోగానికీ రాత్రి ఇల్లు కదలకూడదన్న షరతుకూ పొసగదు. బస్సు దారే నిషేధిత ప్రాంతం గుండా పోతుంటుంది. కాలికి జీపీఎస్ పట్టీ వేస్తే దాన్ని రోజూ ఛార్జ్ చేయాలి, హాస్టల్లో మంచం దగ్గర ప్లగ్ ఉందా? ఛార్జింగ్ అయిపోవడాన్ని కూడా ఉల్లంఘనగా చూసే చోట్లున్నాయి. సడలింపు ఏదైనా అడిగితే అధికారి నోటిమాట చాలదు, మెసేజ్ గానీ ఈమెయిల్ గానీ ఉండాలి. అధికారి బదిలీ అయ్యాక నోటిమాటకు సాక్షి ఉండడు.

డబ్బు విషయం ఒక్క ముక్కలో: మీ జేబులోంచి ఇవ్వొద్దు, మీ ఖాతా వాడనివ్వొద్దు, సొంత నంబరు ఇవ్వొద్దు. సంస్థ నిధి నుంచి, సంతకం తీసుకుని.

---

కొత్తకేస్‌వర్కర్

చాలా స్పష్టంగా చెప్పారు అందరూ. ఒకరి విషయంలో కుటుంబం "మా ఇంటికే తీసుకురండి" అంటోంది. హాస్టల్ వెతకడం మానేయొచ్చా? ఉద్యోగం సంగతి మొదటి వారంలోనే మొదలుపెట్టాలా?

---

గేటుబయట

హాస్టల్ వెతకడం మానకండి. ఫోన్లో రమ్మనడం వేరు, నాలుగు రోజులు ఒకే కప్పు కింద ఉండటం వేరు. విడుదలకు ముందే ఆ ఇంటికి వెళ్లి చూడండి. ఎవరు పిలుస్తున్నారు, ఇంట్లో మిగతావాళ్లు ఏమంటున్నారు? పిలిచినవాళ్ల మాటా మిగతావాళ్ల మాటా ఒకటి కాకపోతే అక్కడే తెలిసిపోతుంది. నేరం ఆ ఇంట్లోనే జరిగిందా, కలవకూడదన్న ఉత్తర్వు ఎవరి పేరనైనా ఉందా అన్నది ముఖ్యం. బాధితురాలు స్వయంగా రమ్మన్నా ఉత్తర్వు అమల్లో ఉంటే వెళ్లినవాడిదే తప్పవుతుంది. అద్దె ఇల్లయితే యజమాని పెట్టిన షరతులు కూడా చూడండి. అన్నీ సరిగ్గా ఉన్నా, గొడవైన రాత్రి ఎక్కడికి వెళ్లాలో ముందే రాసిపెట్టి ఉండాలి. ఆ చోటు పాత స్నేహితుడి గది కాకూడదు.

ఇంటివాళ్లకు చెప్పాల్సిన చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. తలుపు తెరవడానికి కూడా ఎవరైనా చెప్పేదాకా ఆగుతాడు, గుంపులో ఉక్కిరిబిక్కిరి అవుతాడు, చీకట్లో, నిశ్శబ్దంలో నిద్రపట్టదు. ఇది పొగరు కాదు, బద్ధకం కాదు. బంధువులందరినీ పిలిచి చేసే స్వాగతం ఓ నెల ఆపమనండి.

ఉద్యోగం విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదు. మొదటి వారంలో దరఖాస్తులు వద్దు, కానీ తయారీ మొదలవ్వాలి. పని లేని రోజులు సాగేకొద్దీ పాత దారి పిలుస్తుంది. నేర చరిత్ర గురించి ఏం చెప్పాలో ముందే సాధన చేయించండి. నాలుగు వాక్యాలు చాలు: ఏం జరిగింది, ఎప్పుడు, ఆ తర్వాత ఏం నేర్చుకున్నాను, ఈ పనికి ఎలా పనికొస్తాను. కేసు వివరాల్లోకి వెళ్లకూడదు, జడ్జిని తిట్టకూడదు, కన్నీళ్లు వద్దు. చట్టప్రకారం చెప్పక్కర్లేని పాత శిక్షలు ఏవో లాయర్‌ను అడిగి తేల్చుకోండి, అక్కర్లేనిది చెప్పి అవకాశం పోగొట్టుకోవద్దు. అడిగినప్పుడు అబద్ధం మాత్రం వద్దు, మూడు నెలల తర్వాత బయటపడి పోయే ఉద్యోగం మొదట్లోనే రాని ఉద్యోగం కంటే ఎక్కువ దెబ్బ తీస్తుంది.

తిరస్కారాలకు మనిషిని సిద్ధం చేయండి. డేవా పేజర్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని మిల్వాకీ నగరంలో చేసి 2003లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే అర్హతలున్న యువకులు దరఖాస్తు పెట్టారు. రికార్డు లేని తెల్లవాళ్లకు 34 శాతం పిలుపులొస్తే, రికార్డు ఉన్నట్టు చెప్పినవాళ్లకు 17. నల్లవాళ్లలో రికార్డు లేనివాళ్లకు 14, ఉన్నవాళ్లకు 5. అంటే లోపం దరఖాస్తుదారుడిలో లేకపోయినా పిలుపు సగానికో, అంతకంటే కిందికో పడిపోతుంది. ఇది ముందే తెలిస్తే పదో తిరస్కారానికి కుంగిపోడు. అందరికీ ఒకే ప్రకటన చూసి పంపేకంటే, రికార్డు ఉన్నవాళ్లను ఇదివరకే తీసుకున్న యజమానుల జాబితా సొంతంగా కట్టుకోండి.

---

మధ్యవర్తి

దీనికి ఒక సవరణ. "తయారీ" పేరుతో అందరినీ ఒకే శిక్షణా తరగతిలో కూర్చోబెట్టే అలవాటు మానాలి. ఆండ్రూస్, బోంటా, హోగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990లో చెప్పిన సూత్రం ఇదే: మళ్లీ నేరం చేసే ప్రమాదం ఎక్కువ ఉన్నవాళ్లకు ఎక్కువ సాయం, తక్కువ ఉన్నవాళ్లకు తక్కువ. మొదటిసారి చిన్న నేరానికి వెళ్లొచ్చి, ఉద్యోగం, ఇల్లు రెండూ ఉన్న మనిషిని ముదిరినవాళ్లతో కలిపి వారానికి మూడు రోజులు కూర్చోబెడితే ఉన్న ఉద్యోగం పోతుంది, కొత్త స్నేహాలు అంటుకుంటాయి. అలాంటివాళ్లకు ఫోన్ నంబరు ఇచ్చి వదిలేయడమే మేలు.

---

ఫైలుదొంతర

రెండో ప్రశ్న మిగిలిపోయింది. వాయిదా వేయదగినవి: కోపం అదుపు తరగతులు (కోర్టు ఆదేశం లేకపోతే), నైపుణ్య కోర్సులు, పాత అప్పుల బేరం, ఫొటోలతో కూడిన సంస్థ నివేదికలు. ఇవన్నీ మూడో వారం తర్వాతే.

మీకో మాట: మొదటి నెలలో ఉన్నవాళ్లు మీ చేతిలో ఒకేసారి ఐదుగురికి మించకుండా చూసుకోండి. పై అధికారి ఒప్పుకోకపోతే విడుదల తేదీల పట్టిక ముందు పెట్టి మాట్లాడండి, మొత్తం కేసుల సంఖ్య గురించి కాదు. రెండో నెలలో ఉన్న పదిమందికి పట్టే సమయం మొదటి వారంలో ఉన్న ఇద్దరికి పడుతుంది.

ఇక కబురు లేకుండా మాయమైతే: ముందు ఫోన్, ఆ సాయంత్రమే చివరిగా ఉన్న చిరునామాకు వెళ్లడం, ఆసుపత్రులు, తర్వాత లాకప్. మత్తు చరిత్ర ఉన్న మనిషైతే ఫోన్‌తో సరిపెట్టొద్దు, వెంటనే వెళ్లండి. అత్యవసరంగా కబురు చేయాల్సిన మనిషి పేరు, ఆ కబురుకు క్లయింట్ ఇచ్చిన సమ్మతి విడుదలకు ముందే ఫైల్లో ఉంటే ఈ వెతుకులాట గంటలో అయిపోతుంది. లేకపోతే ఎవరినీ ఏమీ అడగలేరు.