అప్‌డేట్: అయ్యప్ప మాలలో ఆఫీసు క్రిస్మస్ పార్టీకి వెళ్లొచ్చాను

మాల వేసుకున్నాను, నల్లగొండలో మా ఆఫీసు క్రిస్మస్ పార్టీకి వెళ్లొచ్చా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "గురుస్వామిని అడగండి, భోజనాలకు ముందే వచ్చేయండి" అన్నదే పనికొచ్చింది. "శబరిమల దారిలో ఎరుమేలిలో అయ్యప్ప ముస్లిం స్నేహితుడు వావరు మసీదుకు మొక్కి కొండెక్కేవాళ్లం, పండుగ శుభాకాంక్షలు చెప్పడానికి అడ్డేముంది స్వామీ? పండ్లు తప్ప ఏమీ ముట్టకండి, సాయంత్రం పూజకు అందుకోండి" అన్నారు మా గురుస్వామి.

ముందే చెప్పినందుకు మా టీమ్‌లోని క్రిస్టియన్ అక్క అరటిపండ్లు, జామపండ్లు వేరే పళ్లెంలో పెట్టి, బట్ట కప్పి ఉంచింది. కేకులో గుడ్డు ఉందని తనే చెప్పి పక్కకు జరిపింది. ఆ అక్క మనసుకు దండం పెట్టాలి. నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్ల గురించి ఎవరూ ఏమీ అనలేదు, ఆ టెన్షనే అనవసరం. సెలవు పెట్టాల్సిన అవసరమూ రాలేదు. బిర్యానీ గిన్నెలు తెరవకముందే బయల్దేరి పూజకు అందుకున్నాను.

గురుస్వాములందరూ ఒకేలా చెప్పరు, మీ గురుస్వామిని అడిగే వెళ్లండి.