అప్‌డేట్: అమ్మకు థైమోమా ఆపరేషన్ అయింది

అమ్మకు మయస్తీనియా గ్రేవిస్ (కండరాలు త్వరగా అలసిపోయి బలహీనపడే జబ్బు) అని తేలింది, సీటీ స్కాన్‌లో ఛాతీలో గడ్డ కూడా కనిపించింది, రెండింటికీ సంబంధం ఉందా అని అడిగాను కదా. ఉందండీ. గడ్డ థైమస్ గ్రంథిలోది, దాన్నే థైమోమా అంటారు. సొంత ఒంటి మీద దాడి చేయకూడదని టీ కణాలు (రోగాలతో పోరాడే ఒక రకం తెల్లరక్తకణాలు) నేర్చుకునే చోటు ఆ గ్రంథే. అక్కడ గడ్డ పెరిగి ఆ శిక్షణ చెడితే, కండరాలు నరాల సంకేతాన్ని అందుకునే రిసెప్టర్ల మీదే యాంటీబాడీలు పుట్టుకొస్తాయి. అమ్మ రెప్పలు వాలిపోవడం, సాయంత్రానికి మాట ముద్దగా రావడం అందుకే. మయస్తీనియా ఉన్న వంద మందిలో 10 నుంచి 15 మందికి థైమోమా ఉంటుంది. స్కాన్ వాయిదా వేయకండి.

ఊపిరి తీసుకునే కండరాలు బలహీనపడకుండా ఆపరేషన్‌కు ముందే ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు) ఎక్కించారు. బయాప్సీలో బీ2 రకం థైమోమా అని వచ్చింది, అంతకంటే తీవ్రమైన క్యాన్సర్ అయిన థైమిక్ కార్సినోమా కాదు. ఆ రోజు ఇంటిల్లిపాదికీ టెన్షన్ తగ్గింది.

గడ్డ తీసేసినా మయస్తీనియా వెంటనే పోదు, నరాల సంకేతం కండరాలకు బాగా అందేలా చేసే పైరిడోస్టిగ్మిన్ మందు వాడుతూనే ఉంది. థైమోమాతో ఎర్రకణాల తయారీ ఆగిపోవడం, ఇమ్యూనోగ్లోబులిన్లు (రక్తంలోని యాంటీబాడీలు) పడిపోవడం కూడా ఉంటాయి కాబట్టి రక్తపరీక్షలు చేయిస్తున్నాం.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాను: జ్వరం వస్తే మందుల షాపులో అజిత్రోమైసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ అడిగి వేసుకోవద్దు. మయస్తీనియా ఉన్నవాళ్లకు అవి ప్రమాదం. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ముందు ఈ జబ్బు పేరు చెప్పండి.