చలికాలపు భృతి: అందరికీనా, లేనివారికేనా?

లీడ్స్ పొరుగు

మా పక్కింటి పెద్దావిడకు 71 ఏళ్లు, ఒంటరిగా ఉంటుంది. నిన్న సాయంత్రం ఆమె పార్శిల్ పొరపాటున మా ఇంటికి వస్తే ఇవ్వడానికి వెళ్లాను. కోటు తొడుక్కుని తలుపు తీసింది. ఎక్కడికో బయలుదేరుతోందనుకున్నాను. కాదట, ఇంట్లో కూర్చోవడానికే ఆ కోటు. కరెంటు, గ్యాసు ఖర్చు చూపించే మీటరు తెరను గోడవైపు తిప్పి పెట్టుకుంది. ఆ అంకెలు కదులుతుంటే తాగే టీ కూడా సహించదట.

బ్రిటన్ సంగతులు తెలియనివారికి రెండు ముక్కలు. ఇక్కడ పెన్షనర్లకు చలికాలంలో ఇల్లు వెచ్చబెట్టుకోవడానికి ‘వింటర్ ఫ్యూయల్ పేమెంట్’ అని ఇస్తారు. 1997లో గోర్డన్ బ్రౌన్ ఆర్థిక మంత్రిగా ఉన్నప్పుడు మొదలైంది. ఇప్పుడు ఇంటికి 200 పౌండ్లు, 80 ఏళ్లు నిండినవారు ఉంటే 300. చాలా ఏళ్లు ఉన్నవారికీ లేనివారికీ ఒకేలా ఇచ్చారు. 2024 జూలైలో రేచల్ రీవ్స్ ఆర్థిక మంత్రిగా వచ్చీ రాగానే, ఇంగ్లండ్, వేల్స్‌లలో ‘పెన్షన్ క్రెడిట్’ లాంటి పేదల సాయం అందుకునేవారికి తప్ప మిగతావారికి ఆపేశారు. సుమారు కోటి మందికి పోయింది. గోల ముదిరాక 2025 జూన్‌లో వెనక్కి తగ్గారు. ఇప్పుడు ఏడాదికి 35,000 పౌండ్లు మించని ఆదాయం ఉంటే ఇస్తారు. మించితే, ఇచ్చినదాన్ని పన్ను శాఖ తిరిగి రాబట్టుకుంటుంది.

ఇది అందరికీ ఇవ్వాల్సిందేనా? మీరేమంటారు?

లెక్కల పద్దు

అక్కర్లేదు. మా మామగారికి 82 ఏళ్లు. వైద్యుడిగా రిటైరయ్యారు, నిండైన పెన్షన్ వస్తుంది. ఏటా ఆ 300తో మనవళ్లకు బొమ్మలు కొనేవారు. ‘మీ పన్నుతో మీ పిల్లలకే బొమ్మలు’ అని ఆయనే నవ్వేవారు.

వర్క్ వీసా మీద వచ్చిన మన పిల్లల సంగతి చూడండి. పన్ను కట్టాలి, జీతంలోంచి కోసే నేషనల్ ఇన్సూరెన్స్ చందా కట్టాలి, అది చాలదన్నట్టు ఆరోగ్య సర్‌ఛార్జి పెద్దవారికైతే ఏడాదికి మనిషికి 1,035 పౌండ్లు. ఇంత కట్టినా ప్రభుత్వ భృతులు ఏవీ ముట్టకూడదని వీసాలోనే షరతు. గోడలకు బూజు పట్టిన అద్దె ఇంట్లో పసిబిడ్డ దగ్గుతుంటే వాళ్ల చలికి లెక్క లేదు. ప్రభుత్వ పెన్షన్ మాత్రం జీతాలు, ధరలు, రెండున్నర శాతం, ఈ మూడింటిలో ఏది ఎక్కువైతే ఆ మేరకు ఏటా పెరుగుతుంది. 2025 ఏప్రిల్‌లో ‘కొత్త పెన్షన్’ (2016 ఏప్రిల్ నుంచి పెన్షన్ వయసుకు వచ్చినవారిది) వారానికి 221.20 నుంచి 230.25 అయింది. ఏడాదికి 470 పౌండ్ల పెరుగుదల, పోయిన 200కు రెట్టింపు కంటే ఎక్కువ. ఇంకా ఏడుపెందుకు?

మూల దుకాణం

నేను చదువుకుంటూ సాయంత్రాలు ఓ చిన్న కొట్టులో పనిచేస్తాను. మీ పద్దులో కనబడనిది ఇక్కడ గల్లాపెట్టె దగ్గర కనబడుతుందండి. ముందే డబ్బు వేస్తేనే పనిచేసే మీటర్లున్నవారు మా దగ్గరికి వస్తారు. అక్టోబరులో, తొలి చలి పడ్డ రోజు, ఒక తాత గ్యాసు కార్డులో 10 పౌండ్లు వేయించుకుని వెళ్లారు. గంటలో తిరిగొచ్చి డబ్బు ఎక్కలేదని నా మీద కేకలు. ఎక్కింది. ఎండాకాలమంతా గ్యాసు ముట్టకపోయినా రోజువారీ స్థిర రుసుము పేరుకుపోయి, మీటరు ఆ పదినీ బాకీ కింద మింగేసింది. మళ్లీ 5 పౌండ్లు చిల్లర లెక్కపెట్టి ఇచ్చారు. ఆయన చేతులు చూడలేకపోయాను.

లెక్కల పద్దు

ఆ తాతకు ఇవ్వొద్దని ఎవరన్నారు, తమ్ముడూ? లేనివారికే ఇమ్మంటున్నాను. పెన్షన్ క్రెడిట్ ఉన్నది అందుకే.

లీడ్స్ పొరుగు

అక్కడే ఆగండి. మీరు ఇచ్చిన అంకెతోనే చెబుతాను. 2024లో కొత్త పెన్షన్ పూర్తిగా వచ్చేవారికి వారానికి 221.20. ఒంటరి మనిషికి పెన్షన్ క్రెడిట్ గీత 218.15, ఆదాయం అంతకు తక్కువుంటేనే ఆ సాయం. అంటే ఇంకే ఆదాయమూ లేకుండా పెన్షన్ ఒక్కదాని మీదే బతికే మా పక్కింటావిడ 3 పౌండ్ల 5 పెన్నీలు ఎక్కువున్న ‘ఉన్నావిడ’! ఆ మూడు పౌండ్లకు 200 పోయాయి.

కోల్డ్ వెదర్ పేమెంట్ అని మరొకటి ఉంది. పెన్షనర్లకు దానికీ ఆ క్రెడిట్ లాంటిదే కావాలి. అది ఉన్నా, వరుసగా ఏడు రోజులు సగటు ఉష్ణోగ్రత సున్నా లేదా అంతకంటే తక్కువ ఉంటేనే 25 పౌండ్లు. లీడ్స్‌లో నెల్లాళ్లు మూడు డిగ్రీల తడి చలి ఎముకలు కొరికినా అది చలి కిందికి రాదు.

విశాఖకు తిరుగు టపా

ముప్పై ఏళ్లు అక్కడ పనిచేసి వచ్చేశాను. ఇండియాకు వచ్చిన రోజు నుంచి నా బ్రిటిష్ పెన్షన్ పెరగలేదు, పెరగదు. అదే స్పెయిన్‌లో స్థిరపడి ఉంటే ఏటా పెరిగేది. అది వేరే రామాయణం, వదిలేయండి. విశాఖలో ఉంటూ చలి భృతి అడిగేంత అమాయకుడిని కాను. ఇక్కడ ఇస్తే ఏసీ భృతి ఇవ్వాలి.

నేను చూసినది ఒకటి చెబుతాను. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా, ఆ దేశపు ముసలివాళ్లు అడగరు. పెన్షన్ క్రెడిట్‌కు అర్హులై ఉండీ దరఖాస్తు పెట్టనివారు లక్షల్లో ఉన్నారు. ఫారం చూసి కొందరు, సిగ్గుతో కొందరు ఆగిపోతారు. చలి భృతిలో ఉన్న మంచి అంతా అడగకుండా ఖాతాలో పడటమే. ఉన్నవాడి దగ్గర పన్నుగా వెనక్కి తీసుకోండి, లేనివాడి చేత మాత్రం నేను లేనివాణ్నని రాయించకండి.

లెక్కల పద్దు

ఆ 3 పౌండ్ల గీత అన్యాయమే, ఒప్పుకుంటాను. మరి ఇప్పటి 35,000 గీత? ఆదాయం ఇంటికి కాదు, మనిషికి చూస్తారు. చెరి 34,000 వచ్చే దంపతులకు భృతి ఉంటుంది. 35,500 వచ్చే ఒంటరి వితంతువుకు మొత్తం పోతుంది. అందరికీ ఇవ్వడంతో పోలిస్తే ఇంత తంతుకూ మిగిలేది ఏడాదికి 45 కోట్ల పౌండ్లు అని ప్రభుత్వమే చెప్పింది. కొండను తవ్వి ఎలుకను పట్టారు. అసలు గీత పెన్షన్ క్రెడిట్‌కు కాస్త పైన గీసి ఉంటే సరిపోయేది.

లీడ్స్ పొరుగు

ఈరోజు పెద్దావిడకు ఉత్తరం వచ్చింది, 200 పౌండ్లు ఖాతాలో పడతాయని. ఇక హీటరు వేసుకోండి అన్నాను. ‘వచ్చే ఏడు మళ్లీ లాక్కుంటే?’ అని, ఆ డబ్బు ముట్టకుండా దాచిపెడతానంది. ఇస్తూ, ఆపుతూ, మళ్లీ ఇస్తూ పుట్టించిన ఈ భయాన్ని మీ పద్దులో ఏ గడిలో వేస్తారు?

లెక్కల పద్దు

దానికి గడి లేదు. అయినా మా మామగారికి 300 వద్దు.