మధ్యాహ్నం పూట లోరా సెన్సర్ రీడింగులు ఆగిపోతున్నాయి

శ్రీకాకుళం దగ్గర ఒక కాలువ వంతెన గోడ మీద, పగులు పక్కనే టిల్ట్ సెన్సర్ (గోడ వాలితే చెప్పేది) పెట్టాం. రీడింగులు లోరా మీద, అంటే తక్కువ కరెంటుతో దూరం వెళ్లే రేడియో మీద వస్తాయి. ఆ దారిన బడి పిల్లలు నడుస్తారు, అందుకే టెన్షన్. ఈఎస్‌పీ32 కంట్రోలర్, ఎస్‌ఎక్స్1276 లోరా రేడియో మాడ్యూల్, 866 మెగాహెర్ట్జ్, బ్యాండ్‌విడ్త్ 62.5 కిలోహెర్ట్జ్, ఎస్‌ఎఫ్ (స్ప్రెడింగ్ ఫ్యాక్టర్, పెంచితే సిగ్నల్ నెమ్మదిగా, ఎక్కువ దూరం వెళ్తుంది) 10. రిసీవర్ 400 మీటర్ల దూరంలో, పంపు షెడ్డులో ఉంది.

పది నిమిషాలకో రీడింగ్. రాత్రంతా ఒక్కటీ తప్పదు. మధ్యాహ్నం 12 నుంచి 3:30 దాకా మాత్రం ఏమీ రాదు. బ్యాటరీ, యాంటెన్నా మార్చాను, పవర్ 14 నుంచి 17 డీబీఎంకి పెంచాను, తేడా లేదు. సెన్సర్ ఉన్న నల్ల డబ్బా చెయ్యి పెట్టలేనంత కాలుతోంది. నిన్న తడిగుడ్డ కప్పితే రెండు రీడింగులు వచ్చాయి, గుడ్డ ఆరగానే మళ్లీ ఆగాయి. వేడికి క్రిస్టల్ (రేడియో ఫ్రీక్వెన్సీని నిలిపే భాగం) ఫ్రీక్వెన్సీ పక్కకి జరిగి, రిసీవర్ అందుకోలేకపోతోందని నా అనుమానం.

బ్యాండ్‌విడ్త్ 125 కిలోహెర్ట్జ్‌కి పెంచితే సరిపోతుందా, టీసీఎక్స్‌ఓ (వేడికి ఫ్రీక్వెన్సీ జరగకుండా సరిచేసుకునే క్రిస్టల్) ఉన్న మాడ్యూలే కొనాలా?