అక్రా వచ్చేముందు కోమ్లా డుమోర్ గురించి తెలుసుకోండి

ప్రశ్న: వచ్చే నెల అక్రాలో ఉద్యోగంలో చేరుతున్నాను. ఘనా గురించి వెతికితే మలేరియా, కరెంటు కోతలు తప్ప వేరే కబురు కనబడటం లేదు. దేశం అర్థం కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని, ఆ కార్డు దగ్గర పెట్టుకోండి. ఆరోగ్యం సంగతి అంతటితో ఆపి, నేను ఒక మనిషి గురించి చెబుతాను. బీబీసీలో ఆఫ్రికా వార్తలు చూసినవారికి వ్యాఖ్యాత కోమ్లా డుమోర్ ముఖం గుర్తుండే ఉంటుంది: నిండైన విగ్రహం, గంభీరమైన గొంతు, దాచుకోలేని నవ్వు.

పుట్టింది అక్రాలో, 1972లో. తండ్రి సోషియాలజీ ప్రొఫెసర్. తాత ఫిలిప్ గ్బెహో ఘనా జాతీయ గీతానికి బాణీ కట్టినవారు. కోమ్లా మొదట డాక్టర్ చదువుకని నైజీరియాలోని జోస్ వెళ్లారు. తర్వాత అది వదిలేసి ఘనా విశ్వవిద్యాలయంలో సోషియాలజీ, సైకాలజీ చదివారు. (మన ఇళ్లలో అయితే దీని మీద ఏడాదిపాటు పంచాయతీ నడిచేది.)

అక్రాలోని ప్రైవేటు రేడియో జాయ్ ఎఫ్‌ఎంలో ట్రాఫిక్ వార్తలు చెప్పే పనితో మొదలై, ఉదయం కార్యక్రమం నడిపే స్థాయికి ఎదిగారు. 1990ల మధ్య వరకు ఘనాలో రేడియో అంటే ప్రభుత్వానిదే. ప్రైవేటు స్టేషన్లు వచ్చాక మామూలు జనం ఫోను చేసి పాలకులను నిలదీయసాగారు. 2000 ఎన్నికల్లో ఎఫ్‌ఎం విలేఖరులు పోలింగ్ కేంద్రాల నుంచే ఫలితాలు చదువుతుంటే అంకెలు మార్చడానికి ఎవరికీ సందు దొరకలేదు. 2001 జనవరిలో అప్పటి అధ్యక్షుడు రాలింగ్స్ దిగిపోయారు, ప్రతిపక్షానికి చెందిన కుఫువోర్ అధ్యక్షుడయ్యారు. కోమ్లా గొంతు పదునెక్కింది ఆ కాలంలోనే. 2003లో ఘనా ఉత్తమ జర్నలిస్టు పురస్కారం ఆయనకే దక్కింది. లోకమంతా బీబీసీ రోజులనే తలుచుకుంటుంది కానీ, నాకు ఈ రేడియో ఏళ్లే ముఖ్యమనిపిస్తాయి.

ఆ తర్వాత హార్వర్డ్ చదువు, లండన్‌లో బీబీసీ ఉద్యోగం. 2009లో మొదలైన 'ఆఫ్రికా బిజినెస్ రిపోర్ట్' కార్యక్రమానికి తొలి వ్యాఖ్యాత ఆయనే. కరవు, యుద్ధాల దృశ్యాలే చూపే కెమెరాలను వ్యాపారుల వైపు, కొత్త కంపెనీల వైపు తిప్పారు. మీకు ఇంటర్నెట్‌లో కనబడనిది సరిగ్గా అదే. 2013 డిసెంబరులో మండేలా అంత్యక్రియల వార్తలు అందించారు. నెల తిరగగానే, 2014 జనవరి 18న, లండన్‌లోని ఇంట్లో గుండె ఆగి పోయారు. 41 ఏళ్లే.

మీరు చేయవలసింది తేలిక. పొద్దున ఆఫీసుకు వెళ్లేటప్పుడు కారులో రేడియో పెట్టమనండి. పత్రికల్లో వచ్చినవన్నీ చదివి వాదించుకునే భాగం వదలకండి. ఘనా కరెన్సీ సీడీ విలువ ఎందుకు పడింది, పెట్రోలు ఎందుకు పెరిగింది, అన్నీ ఆఫీసు చేరేలోపే తెలుస్తాయి.

మరొక జవాబు: పైన అన్నయ్యగారు చెప్పింది బాగుంది కానీ, ఇంగ్లిషు స్టేషన్ ఒక్కటే వింటే సగం ఊరే తెలుస్తుంది. డ్రైవరును స్థానిక భాష ట్వీలో నడిచే పీస్ ఎఫ్‌ఎం పెట్టమని, ఆ మాటలకు అర్థం అడగండి, సంతోషంగా చెబుతారు. కోమ్లా పేరిట బీబీసీ ఇచ్చే అవార్డు తొలిసారి 2015లో ఉగాండాకు చెందిన నాన్సీ కాచుంగిరాకు వచ్చింది, ఆమె కార్యక్రమాలూ చూడండి. ఇంకొక్కటి: అక్కడి రెండు పెద్ద పార్టీల్లో మీది ఎన్‌పీపీయా, ఎన్‌డీసీయా అని ఆఫీసులో ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకోండి.