స్టెంట్ వేశాక బాత్రూమ్‌కి నడవొద్దంటారెందుకు?

ప్రశ్న: గుండెపోటుకి నిన్న స్టెంట్ (గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేశారు. పేషెంటు తానే లేస్తానంటే నర్సు ఒప్పుకోవట్లేదు. ఇంత జాగ్రత్త అవసరమా అండీ?

జవాబు 1: అవసరమే. ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందు మంచం తలవైపు ఎత్తాలి, కాళ్లు కిందికి వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోవాలి, ఆ తర్వాతే నిలబడటం. నడిచేటప్పుడు పల్స్ మామూలుకంటే 20-30 పెరిగినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా ఆపేసి నర్సుకి చెప్పాలి.

జవాబు 2: నడక కంటే ముక్కడమే ప్రమాదం. ఊపిరి బిగబడితే గుండెకొచ్చే రక్తం తగ్గుతుంది, వదలగానే ఒక్కసారిగా పెరుగుతుంది, గుండె లయ తప్పొచ్చు. విరేచనం మెత్తబడే మందు అడగండి. బెడ్‌పాన్ (మంచం మీదే పెట్టే పాత్ర) కంటే మంచం పక్కన కమోడ్ కుర్చీయే నయం, శ్రమ తక్కువ.

జవాబు 3: స్టెంట్ తొడ దగ్గరి రక్తనాళం నుంచి వేశారా? అయితే దగ్గేటప్పుడు అక్కడ చేత్తో అదిమి పట్టాలి. తడిగా, వెచ్చగా అనిపిస్తే రక్తమే అనుకుని వెంటనే పిలవండి.